దూరాన్ని కొనుక్కునే లెన్సు

దసరాకు ముందు టాటా స్టీల్ బోనస్ చేతికందగానే జంషెడ్‌పూర్‌లోని సాక్చి, బిస్టుపూర్ బజార్లకు కళ వస్తుంది. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఉక్కు కర్మాగారంలో పనికొచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ అది కొనుగోళ్ల కాలమే. ఆ డబ్బుతో కెమెరా కొనాలనుకునే వారికి ఎదురయ్యే చిక్కు మాత్రం ఈ ఊరికే ప్రత్యేకమైంది. పిల్లల పుట్టినరోజు, బిస్టుపూర్ రామమందిరంలో శ్రీరామనవమి, మార్చి 3న వ్యవస్థాపక దినోత్సవానికి జూబ్లీ పార్కులో వెలిగే దీపాలు ఒకవైపు. పదమూడు కిలోమీటర్ల అవతల దిమ్నా చెరువు మీద వాలే పక్షులు, ఆ వెనకే దల్మా కొండల్లో తిరిగే ఏనుగులు మరోవైపు. ఇవన్నీ ఒకే కెమెరాలో పట్టాలన్నది ఆశ. దుకాణదారు చూపించేది మాత్రం 'ఇన్ని మెగాపిక్సెల్స్' అని రాసి ఉన్న పెట్టె.

మెగాపిక్సెల్స్ లెక్క పక్కన పెట్టి ముందు మీటర్ల లెక్క చూడాలి. దల్మాలో నీటిగుంట ఒడ్డున, 100 మీటర్ల దూరంలో ఒక ఏనుగు నిలబడి ఉందనుకుందాం. సాధారణ ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న కెమెరాకు 400 మి.మీ. లెన్సు బిగిస్తే రెండున్నర మీటర్ల ఎత్తున్న ఏనుగు ఫ్రేములో దాదాపు మూడింట రెండొంతుల ఎత్తు ఆక్రమిస్తుంది. అదే బొమ్మ కెమెరాతో పాటు వచ్చే 18-55 మి.మీ. లెన్సుతో కావాలంటే 14 మీటర్ల దగ్గరకు వెళ్లాలి. మొబైల్ ఫోన్ ప్రధాన లెన్సుతోనైతే 4 మీటర్లు! ఏనుగుకు అంత దగ్గరగా వెళ్లినవాడు ఫొటో తీసుకుని తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. జార్ఖండ్‌లో ఏటా ఏనుగుల దాడుల్లో మనుషులు చనిపోతున్నారు. పొడవాటి లెన్సును విలాసం కింద జమకట్టేవారు ఈ లెక్కను ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆ లెన్సు ఇచ్చేది ముందు ప్రాణరక్షణ, ఆ తర్వాతే ఫొటో. జంతువును బెదరగొట్టకుండా ఉండే మర్యాద కూడా అందులోనే ఉంది.

బాడీ ముందా, లెన్సు ముందా?

డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు అందరూ చేసే పని బాడీకి ఎక్కువ ఖర్చు పెట్టి, మిగిలిన దాంతో ఏదో ఒక లెన్సు కొనడం. చరిత్ర చూస్తే దీనికి విరుద్ధంగా చేయడమే తెలివైన పని. 2003లో క్యానన్ 300డీ వచ్చినప్పుడు వెయ్యి డాలర్ల లోపు దొరికే డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ అని ప్రపంచమంతా చెప్పుకుంది. 6.3 మెగాపిక్సెల్స్ ఉన్న ఆ బాడీని ఇప్పుడు అడిగేవారు లేరు. కానీ 1987లో మొదలైన క్యానన్ ఈఎఫ్ వరుస లెన్సులు నేటి మిర్రర్‌లెస్ కెమెరాల మీద కూడా అడాప్టర్‌తో చక్కగా పనిచేస్తున్నాయి. బాడీ అద్దె ఇల్లు లాంటిది, ఎప్పుడో ఒకప్పుడు మారక తప్పదు. లెన్సు సొంత స్థలం.

అలాగని బాడీని తీసిపారేయనక్కర్లేదు. చెట్టు మీద కూర్చున్న పిట్టను ఏ బాడీ అయినా పడుతుంది. ఎగిరే పిట్ట విషయంలోనే తేడా తెలుస్తుంది. గత ఐదారేళ్లలో వచ్చిన మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి పక్షి కన్నును వాటంతటవే గుర్తించి దాని మీదే ఫోకస్ నిలిపే నేర్పు వచ్చింది. 2022లో వచ్చిన క్యానన్ ఆర్7 మెకానికల్ షట్టర్‌తోనే సెకనుకు 15 ఫ్రేములు తీస్తుంది. అంత ఖర్చు పెట్టలేని వారికి 2016 నాటి నికాన్ డీ500 సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ మంచి బేరమే. సెకనుకు 10 ఫ్రేములు, 153 ఫోకస్ పాయింట్లు దాని బలం. నికాన్ దాన్ని ఆపేసి కొన్నేళ్లయింది కాబట్టి విడిభాగాల సంగతి విచారించుకుని కొనాలి.

ఫుల్‌ఫ్రేమ్ మోజు గురించీ ఒక మాట. 36×24 మి.మీ. సెన్సర్ మసక వెలుతురులో మెరుగ్గా ఉంటుందన్నది నిజమే. అయితే చిన్న సెన్సర్ అడవిలో మరో రకంగా లాభిస్తుంది. నికాన్, సోనీ ఏపీఎస్-సీ బాడీల మీద 400 మి.మీ. లెన్సు ఫుల్‌ఫ్రేమ్ మీద 600 మి.మీ. లెన్సు చూపినంత దృశ్యాన్నే చూపుతుంది. క్యానన్‌లోనైతే 640. పక్షుల కోసం కొత్తగా దిగేవారికి ఆ తేడా వేల రూపాయల ఆదా.

ఇంటికి ఒకటి, అడవికి ఒకటి

రోజువారీ ఫొటోలకు కావలసింది దూరం కాదు, వెలుతురు. సాయంత్రం ట్యూబులైటు కింద పుట్టినరోజు కేకు కోస్తున్న పిల్లను కిట్ లెన్సు 55 మి.మీ. వద్ద తీస్తే దాని అపెర్చర్ ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు దానికన్నా దాదాపు పది రెట్లు వెలుతురును లోపలికి రానిస్తుంది. అన్ని కంపెనీల్లోనూ చవకగా దొరికే లెన్సుల్లో ఇదొకటి. ఇరుకు క్వార్టర్స్ గదుల్లో 50 కన్నా 35 మి.మీ. నయం, లేకపోతే గోడకు వీపు ఆనించాల్సి వస్తుంది. జూబ్లీ పార్కు దీపాలకు లెన్సు కన్నా ఒక ట్రైపాడ్ ఎక్కువ ఉపయోగపడుతుంది.

అడవికి నాలుగు దారులున్నాయి. మొదటిది, తేలికైన 100-400 మి.మీ. జూమ్. క్యానన్ ఆర్ఎఫ్ రకం బరువు 635 గ్రాములే. పొద్దున దిమ్నా గట్టు మీద నడిచేవారికి సరిగ్గా సరిపోతుంది. చివర ఎఫ్/8కి పడిపోవడం దాని లోపం. రెండోది, సిగ్మా, టామ్రాన్ 150-600 మి.మీ. జూమ్‌లు. రెండు కిలోలకు అటూ ఇటూ బరువు, ఎఫ్/6.3 దాకా అపెర్చర్. మూడోది, నికాన్ 200-500 ఎఫ్/5.6, సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600 వంటి కంపెనీ సొంత జూమ్‌లు. బొమ్మ నాణ్యతలో ఇవి ఒక మెట్టు పైన, జేబుకు కూడా అంతే భారం. నాలుగోది, నికాన్ పీ900 లాంటి లెన్సు మార్చే పనిలేని సూపర్‌జూమ్. అది 2000 మి.మీ.కి సమానమైన దూరాన్ని చూపుతుంది. కానీ దాని సెన్సర్ ఏపీఎస్-సీతో పోలిస్తే వైశాల్యంలో పదమూడో వంతు. ఎండలో పిట్టను గుర్తు పట్టడానికి భేష్. పొద్దు వాలితే బొమ్మంతా గరుకే.

600 మి.మీ. ఉన్నా సమస్యలు తీరిపోవు. 20 మీటర్ల దూరంలో తీగ మీద కూర్చున్న లకుముకి పిట్ట 400 మి.మీ. లెన్సుతో ఫ్రేము వెడల్పులో పావు వంతే వస్తుంది. మిగతాది కత్తిరించుకోవాలి. 24 మెగాపిక్సెల్స్ బొమ్మను రెండు వైపులా సగానికి కోస్తే మిగిలేది ఆరు. ఏ4 సైజు ప్రింటుకు అది చాలు. మెగాపిక్సెల్స్ అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

సాల వనాల కింద తెల్లవారుజామున వెలుతురు చాలా తక్కువ. ఎగిరే పక్షికి సెకనులో 2000వ వంతు, నడిచే ఏనుగుకు 500వ వంతు షట్టర్ వేగం పెట్టుకుని, ఐఎస్ఓను పైకి పోనివ్వడమే మార్గం. గరుకుగా వచ్చినా స్పష్టమైన బొమ్మను బాగు చేసుకోవచ్చు. కదిలిపోయిన బొమ్మను ఎవరూ బాగు చేయలేరు. లెన్సులోని స్టెబిలైజేషన్ చేతి వణుకును ఆపుతుంది కానీ జంతువు కదలికను ఆపదు. జీపు కిటికీ మీద చిన్న గుడ్డసంచిలో శనగలు పోసి దానిపై లెన్సు ఆనిస్తే ఖరీదైన స్టాండు అక్కర్లేదు.

సెకండ్‌హ్యాండ్ లెన్సు కొనేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి చూడాలి. లోపల సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది బూజు, ఎంత చవకైనా వదిలేయాలి. వానాకాలంలో ఇక్కడి తేమకు కొత్త లెన్సులకూ ఆ బెడద ఉంటుంది. గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్, తేమ కొలిచే చిన్న మీటరు ఉంచుకుంటే చాలు. పాత నికాన్ లెన్సుల్లో మోటారు లేనివి కొంటే కంపెనీ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ చేయవన్నది చాలామందికి కొన్నాకే తెలుస్తుంది.

గేటు దగ్గర నియమాలు

సుమారు 193 చదరపు కిలోమీటర్ల దల్మా అభయారణ్యం ఏనుగులకే పేరు పొందింది. వానలయ్యాక మందలు పశ్చిమ బెంగాల్ పొలాల వైపు వెళ్లి వేసవికి తిరిగి నీటిగుంటల దగ్గరకు చేరతాయి. కాబట్టి మంచి ఫొటోల కాలం, జంతువులు దాహంతో చిరాకుగా ఉండే కాలం ఒకటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో ఫొటోగ్రఫీకి అనుమతి కావాలి. టికెట్టు తీసుకున్నాం కదా అని జీపు దిగి పొదల్లోకి దూరడం కుదరదు.

ఇక్కడి అడవి ఎప్పుడు ఏం చూపిస్తుందో చెప్పలేం కూడా. మహారాష్ట్రలోని తాడోబా నుంచి ఒడిశాలోని సిమ్లిపాల్‌కు తెచ్చిన జీనత్ అనే ఆడపులి 2024 డిసెంబరులో సరిహద్దు దాటి తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోకి వచ్చింది. అక్కడి నుంచి బెంగాల్‌కు వెళ్లి డిసెంబరు 29న బాంకుడా జిల్లాలో మత్తుమందు తూటాకు చిక్కింది. అలాంటి జంతువు ఉన్న చోటును ఫొటోతో పాటు వాట్సాప్‌లో పంచుకోవడమంటే జనాన్ని దాని మీదికి తోలడమే. ఫొటో పంచినా చోటు చెప్పకపోవడం కెమెరా పుస్తకంలో లేని పాఠం.

చేతికి కొత్త లెన్సు రాగానే అడవికి పరుగెత్తనక్కర్లేదు. జూబ్లీ పార్కు చెరువు కొంగలు ఓపికైన గురువులు. 1994లో ప్రారంభమైన టాటా జూలో వల వెనకున్న జంతువును అపెర్చర్ పూర్తిగా తెరిచి తీస్తే వల కనిపించకుండా మాయమవడం చూడొచ్చు. సెలవులకు సొంతూరు వెళ్లేవారికి శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చలికాలమంతా గూళ్లు కట్టుకునే గూడబాతులు ఉన్నాయి. చెట్ల కింద మనుషులు తిరుగుతున్నా బెదరని పక్షులవి. అక్కడ చేయి కుదిరాక దల్మా ఎక్కవచ్చు. ఏనుగు తల తిప్పి కెమెరా వైపు చూసిందంటే, లెన్సు ఎంత పొడవైనా సరే, ఆ రోజుకు ఫొటోలు చాలించి వెనక్కి తిరగాల్సిందే.