గట్టు దారిని బాగుచేయాలి

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు కాలువలతో పాటు గట్లూ వచ్చాయి. ఆ గట్ల మీద నడుస్తూ మనుషులు తాడుతో పడవలు లాగేవారు. పడవలు పోయాయి, గట్లు మిగిలాయి.

ఆదివారాల్లో రాజమండ్రి యువకులు గేరు సైకిళ్లపై కడియం వైపు గట్ల వెంట వస్తున్నారు. విదేశాల్లో ఇలాంటి కంకర దారులను వెతుక్కుంటూ తిరిగేవారున్నారు. సంతోషమే. కాని మనకిది సరదా కాదు. పెద్ద రోడ్డుపై లారీలకు భయపడి హైస్కూలు పిల్లలు, పాలవాళ్లు, కూలీలు గట్టునే పోతారు.

గ్రావెల్ లేనిచోట ఒక్క వాన పడితే నల్లమట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదు. గ్రావెల్ వేసినచోట మట్టి ట్రాక్టర్లు గాడులు చేస్తున్నాయి. నిరుడు వానల్లో నా వెనకే వస్తున్న ఒక బాలిక జారిపడింది. పుస్తకాల సంచి కాలువలో కొట్టుకుపోయింది. ఆ పిల్లే పడివుంటే?

వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. అప్పుడు తీసిన పూడికను దారిలో పోయకుండా, ఎర్ర గ్రావెల్ పరిచి రోలరు తిప్పించాలి. రైతుల ధాన్యం బండ్లను ఆపమనడం లేదు, వానాకాలంలో మట్టి ట్రాక్టర్లను మాత్రం ఆపాలి. మనమూ గట్టుపై గడ్డివాములు వేయడం మానాలి.

ఆదివారం వచ్చేవారు వాన పడితే ఆగిపోతారు. సోమవారం బడికి పోయే పిల్లలు ఆగలేరు. అధికారులు గమనించాలి.