నైపుణ్యం తీసుకున్నారు, నేరం దాచారు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఓడిన జర్మనీ రాకెట్ ఇంజినీర్ల కోసం గెలిచిన దేశాలు పోటీపడ్డాయి. ‘ఆపరేషన్ పేపర్‌క్లిప్’ కింద అమెరికా దాదాపు 1,600 మంది నిపుణులను రప్పించుకుంది. సోవియట్ యూనియన్ 1946 అక్టోబరు 22న రెండు వేలకు పైగా నిపుణులను కుటుంబాలతో సహా రైళ్లెక్కించింది. శత్రువు దగ్గరున్న విద్యను వాడుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఆ విద్యతో పాటు వచ్చిన నేరాన్ని రికార్డుల్లోంచి తుడిచేయడమే తప్పు. అది చిన్న నేరమేమీ కాదు. నార్డ్‌హౌసెన్ దగ్గర కొండను తొలిచిన సొరంగాల్లో వి-2 రాకెట్లను తయారుచేసింది మిట్టెల్‌బౌ-డోరా శిబిరం ఖైదీలు. ఆ శిబిరానికి తెచ్చిన సుమారు 60 వేల మందిలో దాదాపు 20 వేల మంది ఆకలితో, రోగాలతో, ఉరికొయ్యల మీద చనిపోయారు. లండన్, ఆంట్‌వెర్ప్‌ల మీద పడి వి-2 చంపినవారికన్నా దాని తయారీలో చచ్చిపోయినవారే ఎక్కువ. వి-2 రూపకర్త వెర్నర్ వాన్ బ్రౌన్ నాజీ పార్టీ సభ్యుడు, ఎస్సెస్ అధికారి. పనికొచ్చే ఖైదీలను ఎంచుకోవడానికి బూకెన్‌వాల్డ్ శిబిరానికి వెళ్లానని 1944 ఆగస్టులో ఆయనే ఉత్తరం రాశాడు.

నామమాత్రపు సభ్యులను మించిన నాజీలను తీసుకోకూడదని 1946లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఆమోదించిన నిబంధన చెప్పింది. అది అడ్డమనిపిస్తే మార్చమని బహిరంగంగా అడగాల్సింది. అధికారులు అలా చేయకుండా నిపుణుల గురించి రాసిన నివేదికలనే తిరగరాయించారు. మనం తీసుకోకపోతే స్టాలిన్ తీసుకుపోయేవాడు, వాళ్లు లేకపోతే చంద్రుడి మీద అడుగుపడేది కాదు అని ఇప్పటికీ వాదిస్తారు. చంద్రయాత్రకు వాడిన సాటర్న్-5 రాకెట్ వాన్ బ్రౌన్ బృందానికి ఎంతో రుణపడి ఉందన్నది నిజమే, కాదనను. కానీ సోవియట్‌లు తమ జర్మన్లలో ముఖ్యులను గోరోడోమ్ల్యా ద్వీపంలో విడిగా ఉంచి, చెప్పించుకోవలసింది చెప్పించుకుని, 1950ల్లో ఇంటికి పంపేశారు. 1957లో స్పుత్నిక్‌ ఉపగ్రహాన్ని ఎగరేసింది సోవియట్ ఇంజినీరు కొరొల్యోవ్ బృందం. జర్మన్లను బలవంతంగా తరలించిన తీరును సమర్థించలేం. అయినా పరాయి విద్య నేర్చుకోవడానికి ఆ మనుషులను మహనీయులను చేయనక్కర్లేదని ఆ అనుభవం చూపిస్తోంది. అమెరికాలో జరిగింది వేరు. ఆ సొరంగాల్లో ఉత్పత్తిని నడిపిన ఆర్థర్ రుడాల్ఫ్ సాటర్న్-5 ప్రాజెక్టుకు మేనేజరయ్యాడు, నాసా పతకం అందుకున్నాడు. విచారణ ఆయన తలుపు తట్టేసరికి 1980లు వచ్చేశాయి. 1984లో ఆయన అమెరికా వదిలాడు, ఆపై పౌరసత్వాన్నీ వదులుకున్నాడు. కోర్టు బోను మాత్రం ఎక్కలేదు. దాపరికం డోరా బాధితుల దగ్గర్నుంచి లాక్కున్నది ఈ నలభై ఏళ్లనే.

ఈ వారసత్వంలో ఒక పాయ మన దాకా వచ్చింది. వి-2ను రూపొందించిన పీనెముండే కేంద్రంలో పనిచేసిన కార్ల్-హైంజ్ బ్రింగర్ యుద్ధం తర్వాత ఫ్రాన్స్ చేరాడు. అక్కడి వైకింగ్ రాకెట్ ఇంజిన్ రూపకల్పనలో ఆయన చెయ్యి ఉంది. 1970ల్లో కుదిరిన ఒప్పందంతో ఆ పరిజ్ఞానం ఇస్రోకు అందింది, వికాస్ ఇంజిన్ అయింది. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ రెండో దశ నేటికీ దానితోనే నడుస్తుంది. డోరా రక్తం మన ఇంజినీర్ల చేతికి అంటదు. వాళ్లది కష్టపడి నేర్చుకున్న విద్య. కానీ వికాస్ కథను పిల్లలకు ఫ్రాన్స్ దగ్గరే మొదలుపెట్టి చెప్పకూడదు. పీనెముండే, డోరా పేర్లు కూడా ఆ పాఠంలో ఉండాలి.