ఆయిలర్స్ కప్పు ఆశలు: బెట్టింగ్ ధరలో బలమెంత, అభిమానమెంత?

ఎడ్మంటన్ ఆయిలర్స్ కెప్టెన్ కానర్ మెక్‌డేవిడ్ 2025 అక్టోబరు 6న జట్టుతో మరో రెండేళ్ల ఒప్పందం కుదుర్చుకున్నారు. ఏడాదికి 1.25 కోట్ల డాలర్లు. అప్పటికి ఆయన అందుకుంటున్నదీ అంతే. బయటి జట్ల నుంచి ఇంతకన్నా ఎక్కువ కోరగల స్థితిలో ఉండి కూడా పాత వేతనానికే సమ్మతించడంలోని ఉద్దేశం స్పష్టమే. మిగిలే సొమ్ముతో జట్టును బలపరచి కప్పు సాధించి పెట్టమని యాజమాన్యాన్ని ఆయన అడుగుతున్నారు. ఒప్పందం రెండేళ్లకే పరిమితం కావడం ఒక హెచ్చరిక కూడా. ఇది అమల్లోకి వచ్చేది 2026-27 నుంచి. కనుక 2025 అక్టోబరు 7న ఆరంభమైన ఎన్‌హెచ్‌ఎల్ సీజన్‌లో జట్టు ఆర్థిక స్థితి దీనివల్ల మారలేదు. అయినా స్టాన్లీ కప్ టైటిల్ ఫేవరెట్లలో ఒకటిగా ఆయిలర్స్ బరిలోకి దిగింది. బెట్టింగ్ సంస్థలు ఆ జట్టుకు కడుతున్న ధర వాస్తవ బలానికి తగినట్టుగా ఉందా అన్నదే ప్రశ్న.

బలం గురించి సందేహం లేదు. 2023-24, 2024-25 సీజన్లలో ఆయిలర్స్ ఫైనల్ చేరింది. 2024లో ఫ్లోరిడా పాంథర్స్ చేతిలో తొలి మూడు మ్యాచ్‌లు ఓడి, తరువాతి మూడు గెలిచి, ఏడో మ్యాచ్‌లో 2-1తో కప్పు చేజార్చుకుంది. ఓడిన జట్టులో ఉండి కూడా మెక్‌డేవిడ్ ప్లేఆఫ్స్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం పొందారు. 2025లో మళ్లీ ఫ్లోరిడాయే ఎదురై ఆరు మ్యాచ్‌లలో పని ముగించింది. 2024-25 సీజన్‌లో లీగ్‌లో అత్యధికంగా 52 గోల్స్ చేసిన లియోన్ డ్రైసైటిల్ కూడా ఆయిలర్స్ ఆటగాడే. ఇంతటి ద్వయం మరే జట్టుకూ లేదనడం అతిశయోక్తి కాదు.

ధర విషయానికి వస్తే, ఒక సంస్థ ఆయిలర్స్‌పై 100 డాలర్ల పందేనికి అసలుతో కలిపి 900 డాలర్లు ఇస్తామన్నదనుకుందాం. దానర్థం ఆ జట్టు కప్పు గెలిచే అవకాశాన్ని అది 11 శాతంగా లెక్కగట్టిందని పైకి కనిపిస్తుంది. కానీ 32 జట్ల ధరలనూ ఇలాగే శాతాలుగా మార్చి కూడితే మొత్తం 100 దాటుతుంది. ఆ మిగులే నిర్వాహకుల లాభం. మిగులు 20 శాతం అనుకుంటే, 11 శాతం కాస్తా 9 శాతం దగ్గరికి దిగుతుంది. పైగా అక్టోబరులో కట్టిన సొమ్ము జూన్ దాకా వారి దగ్గరే ఉంటుంది. దానికి వడ్డీ ఎవరూ ఇవ్వరు.

ఇక అసలు అవకాశం ఎంత? కప్పు గెలవాలంటే, ఏడు మ్యాచ్‌లలో నాలుగు గెలవాల్సిన సిరీస్‌లను వరుసగా నాలుగు నెగ్గాలి. ప్రతి ప్రత్యర్థిపైనా ఒక్కో మ్యాచ్ గెలిచే అవకాశం 55 శాతం ఉన్న జట్టుకు ఒక సిరీస్ గెలిచే అవకాశం సుమారు 61 శాతం. నాలుగు సిరీస్‌లకు హెచ్చవేస్తే అది 14 శాతం లోపే. 55 శాతమన్నది ఉదారమైన అంచనా. ప్లేఆఫ్స్‌కు వచ్చే 16 జట్లలో బలహీనమైనవి తక్కువ. దాన్ని 53 శాతానికి తగ్గిస్తే కప్పు అవకాశం 10 శాతానికి పడిపోతుంది. ఐస్ హాకీలో గోల్స్ తక్కువ. కర్రకు తగిలి దారి మళ్లిన ఒక్క పక్ మ్యాచ్‌ను తేల్చేస్తుంది. అందుకే ఎంత గొప్ప జట్టయినా పదింట తొమ్మిదిసార్లు కప్పు లేకుండానే ఇంటికి చేరే ఆట ఇది. 100కు 1,000 డాలర్ల కన్నా తక్కువ తిరిగి ఇచ్చే ధరకు ఆయిలర్స్‌పై పందెం కాయడం గణితపరంగా సమర్థనీయం కాదు.

ఆ 53, 55 శాతాల మధ్య తేడాను నిర్ణయించేది గోల్‌కీపర్. 2025 ఫైనల్‌లో స్టువర్ట్ స్కిన్నర్‌ను మూడు, నాలుగు మ్యాచ్‌ల మధ్యలోనే తప్పించి కాల్విన్ పికార్డ్‌ను దించాల్సి వచ్చింది. నాలుగో మ్యాచ్‌ను పికార్డ్ నిలబెట్టినా ఐదో మ్యాచ్ ఓడారు. ఆరో మ్యాచ్‌కు స్కిన్నర్ తిరిగి రాగా, అందులో ఫ్లోరిడా ఆటగాడు శామ్ రైన్‌హార్ట్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. అయినా వేసవిలో యాజమాన్యం ఇదే జంటను కొనసాగించింది. కారణం వేతన పట్టికలో కనిపిస్తుంది. 2025-26 సీజన్ వేతన పరిమితి 9.55 కోట్ల డాలర్లు. అందులో డ్రైసైటిల్‌కు 1.4 కోట్లు, మెక్‌డేవిడ్‌కు 1.25 కోట్లు, డిఫెండర్లు ఇవాన్ బుషార్‌కు 1.05 కోట్లు, డార్నెల్ నర్స్‌కు 92.5 లక్షలు. నలుగురికే దాదాపు సగం పోయింది. స్కిన్నర్ వాటా 26 లక్షలు. కోరీ పెరీ, కానర్ బ్రౌన్, ఎవాండర్ కేన్ వంటి అనుభవజ్ఞులు వెళ్లిపోయారు. మే నెలలో మణికట్టు గాయంతో ఫైనల్‌కు దూరమైన జాక్ హైమన్ సీజన్ ఆరంభానికి అందుబాటులో లేకపోయాడు.

ప్రత్యర్థుల పరిస్థితీ మిశ్రమమే. వరుసగా రెండుసార్లు విజేత అయిన ఫ్లోరిడాకు కెప్టెన్ అలెగ్జాండర్ బార్కోవ్ మోకాలి గాయం పెద్ద దెబ్బ. శస్త్రచికిత్స తరువాత ఆయన కోలుకోవడానికి 7 నుంచి 9 నెలలు పడుతుందని జట్టు ప్రకటించింది. అయితే ఇలాంటి వార్త వెలువడిన కొద్ది గంటల్లోనే మిగతా ఫేవరెట్ల ధరలు సర్దుకుంటాయి. పత్రికలో చదివి పందెం కట్టే సామాన్యుడికి దానివల్ల ఒనగూడేదేమీ లేదు. ఆయిలర్స్ డివిజన్‌లోనే ఉన్న వెగాస్ గోల్డెన్ నైట్స్‌లోకి టొరంటో నుంచి మిచ్ మార్నర్ వచ్చాడు. 2024-25 సీజన్‌లో ఆయన పాయింట్లు 102. 2025 ప్లేఆఫ్స్‌లో ఐదు మ్యాచ్‌లలో ఓడించిన వెగాస్ ఈసారి అంత సులువుగా లొంగదు.

అలసటను లెక్కలోకి తీసుకునేవారు తక్కువ. రెండు ప్లేఆఫ్స్‌లలో కలిపి ఆయిలర్స్ 47 మ్యాచ్‌లు ఆడింది. 2026 ఫిబ్రవరిలో ఇటలీలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌కు ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు వెళ్లారు. మెక్‌డేవిడ్ కెనడాకు, డ్రైసైటిల్ జర్మనీకి ప్రధాన బలాలు. ఇతర జట్ల రెండో శ్రేణి ఆటగాళ్లు విశ్రాంతి తీసుకునే ఆ రోజుల్లోనూ వీరిద్దరికీ విశ్రాంతి ఉండలేదు.

ఇన్ని లోపాలున్నా ధర ఆకర్షణీయంగా పెరగకపోవడానికి మరో కారణం ఉంది. ఆయిలర్స్ చివరిగా కప్పు గెలిచింది 1990లో. కెనడా జట్టేదైనా గెలిచింది 1993లో, అది మాంట్రియాల్. కనుక జూన్ దాకా నిలిచే కెనడా జట్టుపై ఆ దేశమంతటి ఆశా, దాంతోపాటు సొమ్మూ వచ్చి పడతాయి. డబ్బు ఎటు ఎక్కువగా వస్తే అటు ధర తగ్గించడం పందేల నిర్వాహకుల సహజ నీతి. 2021 ఆగస్టులో కెనడా ఒక్కో మ్యాచ్‌పై పందేలను చట్టబద్ధం చేశాక ఈ ప్రవాహం ప్రకటనల రూపంలో ప్రతి ప్రసారంలోకీ చేరింది. ఎడ్మంటన్ ఉన్న ఆల్బర్టా రాష్ట్రం ప్రైవేటు బెట్టింగ్ సంస్థలకు తలుపులు తెరిచే చట్టాన్ని 2025లో ఆమోదించింది.

అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది చట్టబద్ధమైన వినోదం. భారత్‌లో ఉన్నవారికి కాదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇందుకు సొంత చట్ట సవరణలు చేసుకున్నాయి.

ఆయిలర్స్ అవకాశాలను పందెంతో నిమిత్తం లేకుండా అంచనా వేయదలచినవారు ఇప్పటి ధరను కాక నవంబరును గమనించడం మేలు. 2023లో ఈ జట్టు తొలి 13 మ్యాచ్‌లలో మూడే గెలిచి కోచ్‌ను మార్చింది. తరువాత వరుసగా 16 గెలిచి, ఆ సీజన్‌లోనే ఫైనల్ దాకా వెళ్లింది. ఈసారి నెమ్మదిగా మొదలైతే ముందుగా వేటు పడేది గోల్ ముందున్నవారిపైనే. మార్చిలో ఆటగాళ్ల మార్పిడి గడువు ముగిసేలోగా మెరుగైన గోల్‌కీపర్ వస్తే పైన వేసిన లెక్క 53 నుంచి 55 వైపు జరుగుతుంది.