డబ్బు వచ్చిన నెలలోనే అడగాలి

"నీ డబ్బే కదా, నీకే తెలియాలి!"

2025 జూలైలో ఒక సాయంత్రం మావారు అన్న మాట ఇది. కోపంతో అన్లేదు. డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతూ మామూలుగానే అన్నారు. కానీ నాకు చాలా రోజులు గుచ్చుకుంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఈ ఇంట్లో "నీ డబ్బు" అన్న మాట విన్నది అదే మొదటిసారి. అదీ పన్ను కట్టాల్సి వచ్చినప్పుడు!

జరిగింది చెబుతాను. మా అమ్మ 1996లో మంచిర్యాలలో ఒక ప్లాటు కొంది. నాన్నది బాయి పని. జీతం నాన్నదే అయినా చిట్టీలు కట్టి, పాలు అమ్మి, రూపాయి రూపాయి కూడబెట్టింది అమ్మే. ఆవిడ పోయాక ఆ ప్లాటు తమ్ముడికీ నాకూ చెరిసగం వచ్చింది. 2024 నవంబరులో 28 లక్షలకు అమ్మాం. నా ఖాతాలో 14 లక్షలు పడ్డాయి. ఎప్పుడో ఒక కథ అచ్చయితే వచ్చే పారితోషికం తప్ప నా పేరున సొమ్మెరగని దాన్ని. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

మర్నాటి నుంచే సలహాలు మొదలయ్యాయి. అమ్మాయి కాలేజీ ఫీజు, ఆడపడుచు ఇంటి స్లాబుకు చేబదులు, రెండు జతల గాజులు, బండి మీద మిగిలిన అప్పు... ఎలా ఖర్చు పెట్టాలో చెప్పినవాళ్ళు పదిమంది. "దీనిమీద పన్నేమైనా ఉందా?" అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. డిగ్రీ చదివిన నేనూ అడగలేదు.

రిటర్ను వేయాలని ఎవరో అంటే జూలైలో లక్ష్మీనగర్‌లో ఒక ఆడిటర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు. 2001 ఏప్రిల్ 1 నాటి విలువ ప్రకారం నా వాటా ఖరీదు లక్ష. మిగతా 13 లక్షలు లాభం. నాకు వేరే ఆదాయం లేదు గనక అందులో 3 లక్షలకు మినహాయింపు. మిగిలిన 10 లక్షల మీద పన్నెండున్నర శాతం, దానిమీద సెస్సు. మొత్తం 1,30,000 రూపాయలు.

"ఇది పన్నమ్మా. దీనిపైన ఇంకో 9,425 ఉంది" అన్నారాయన.

"అదెందుకండీ? గడువు దాటలేదుగా!"

"రిటర్ను గడువు దాటలేదు. పన్ను కట్టే గడువు దాటింది."

ఇదీ మనలో చాలామందికి తెలియని సంగతి. ఈ ఏడు వచ్చిన ఆదాయానికి పన్ను ఈ ఏడే కట్టాలంటుంది చట్టం. మూలంలో కోసింది పోను కట్టాల్సింది 10 వేలు గానీ ఆపైన గానీ ఉంటే నాలుగు వాయిదాల్లో ముందే చెల్లించాలి. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి మొత్తం. తప్పితే నెలకు ఒక శాతం వడ్డీ.

ప్లాటు అమ్ముడుపోతుందని జూన్‌లోనే కలగనలేం కదా! ఆ సంగతి చట్టానికీ తెలుసు. అందుకే ఆస్తి అమ్మిన లాభానికి, అమ్మిన తర్వాత వచ్చే వాయిదాల నుంచే లెక్క. నేను డిసెంబరు, మార్చి వాయిదాలు కట్టి ఉంటే వడ్డీ సున్నా. కట్టలేదు గనక ఆ రెండింటికీ కలిపి 4,225. ఏప్రిల్ నుంచి జూలై దాకా నాలుగు నెలలకు మరో 5,200. అంతేనా? అమ్మిన ఆరు నెలల్లోగా ఆ లాభాన్ని ఆర్.ఇ.సి. లాంటి సంస్థల బాండ్లలో ఐదేళ్ళకు పెట్టి ఉంటే పన్నే పడేది కాదట. ఆ గడువు మే నెలలోనే దాటిపోయింది. నాకు తెలిసేసరికి ఖాతాలో మిగిలింది 40 వేలు. గాజులు కుదువపెట్టి కట్టాను.

నేనెందుకు అడగలేదా అని తర్వాత చాలా ఆలోచించాను. మన గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్ళకు పన్నంటే పే స్లిప్పులో ఒక కోత. 2023 సెప్టెంబరులో 11వ వేతన ఒప్పందం బకాయిలు 23 నెలలవి ఒక్కసారిగా వచ్చినప్పుడూ అంతే. పన్ను కోసుకున్నాకే డబ్బు ఇంటికొచ్చింది. 'ఇంత కోశారేంటి' అని వీధివీధంతా గగ్గోలు. గని కార్మికులకు ఆదాయపు పన్ను మాఫీ చేయాలని సంఘాలు ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాయి. ఆ కోత మీద మనకు కోపమే గానీ, అది మన తరఫున ఎవరో లెక్క చూసిపెట్టడమేనని తోచలేదు. కోత లేకుండా వచ్చిన డబ్బంతా మనదేననుకున్నాం.

ఇంకో ముచ్చట. ఆ బకాయిలు, ఏటా వచ్చే లాభాల వాటా మన పేరున ఫిక్సెడ్ డిపాజిట్ వేసిన భర్తలు మన కాలనీల్లో ఎంతమంది లేరు! 'నా పేరున వేశారు' అని మనం మురిసిపోతాం. కానీ భర్త ఇచ్చిన సొమ్ము మీద వచ్చే వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. బ్యాంకు కోసేది 10 శాతం. ఆయన కట్టాల్సింది 20 శాతమో, 30 శాతమో అయితే తేడా ఎవరు కడతారు? ఆ వడ్డీ సంగతి ఆఫీసులో ముందే రాసిస్తే జీతంలోంచే కోసుకుంటారు. వాయిదాల బెడదే ఉండదు. మొన్న యైటింక్లైన్ కాలనీలో మా వదిన, పన్ను కోయొద్దని బ్యాంకుకిచ్చే ఫారం మీద చదవకుండానే సంతకం పెట్టబోయింది. "ఆయన పెట్టమన్నడు, పెడుతున్న" అంది. "చదివి పెట్టు వదినా, సంతకం నీది" అన్నాను.

నెలకు ఒక శాతం అన్యాయమా అంటే, చేబదుళ్ళకు మనం కట్టే వడ్డీల ముందు అదెంత? నా ఫిర్యాదు వేరు. మనం ఆలస్యం చేస్తే నెలకు ఒక శాతం. మనం ఎక్కువ కట్టింది తిరిగిచ్చేటప్పుడు వాళ్ళిచ్చే వడ్డీ అర శాతం! ఈ తేడా ఏం న్యాయం? ఇంకొకటి. అమ్మకం దస్తావేజు మీద నా వేలిముద్ర తీసుకున్నారు, ఫోటో తీసుకున్నారు, పాన్ నంబరు రాసుకున్నారు. 'అమ్మా, దీనిమీద పన్నుంటుంది, ఈ తేదీలోగా కట్టాలి' అని తెలుగులో ఒక చిన్న కాగితం చేతికిస్తే ఎవరి సొమ్ము పోతుంది? 1961 నాటి చట్టం పోయి 2025 చట్టం వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి, నాలుగు తేదీలు అవే. ఆ తేదీలు చెప్పేవాళ్ళు మాత్రం ఇంకా రాలేదు.

వాళ్ళు చెప్పేదాకా ఆగుదామా? అరవై దాటి, వ్యాపారం లేనివాళ్ళకు ముందస్తు పన్ను గొడవ లేదు. మిగతావాళ్ళం జాగ్రత్త పడాల్సిందే. ప్లాటు అమ్మినా, పెద్ద వడ్డీ వచ్చినా, ఆ నెలలోనే తెలిసినవాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి. జవాబు వచ్చేదాకా కొంత సొమ్ము పక్కన పెట్టండి. ఆడపడుచుకు ఇచ్చే చేబదులు ఒక నెల ఆగితే చుట్టరికం చెడదు.

మా అమ్మ చదువుకోలేదు. కానీ జీతం రాగానే చిట్టీ డబ్బు వేరే డబ్బాలో వేశాకే ఉప్పూ పప్పూ లెక్క చూసేది. "అది మనది కాదు బిడ్డా, ముట్టొద్దు" అనేది. ఆమె ప్లాటు నాకు దక్కింది. ఆ డబ్బా సంగతే మరిచిపోయాను. గాజులు ఇంకా కుదువలోనే ఉన్నాయి.