చిట్టెలుకల బెదురు, మన ఆడపిల్లల పుట్టుక

పరీక్ష అనగానే ఆడపిల్ల బెదిరితే “దాని పుట్టుకే అంత” అని తేల్చివేయడం మన ఊళ్లలో వాడుక. ఇప్పుడా మాటకు శాస్త్రాన్ని సాక్ష్యానికి పిలిచే పెద్దమనుషులు తయారయ్యారు. “అంతా జన్యువుల్లోనే ఉందట గదా, పంతులుగారూ!” అంటారు. శాస్త్రం చెప్పినది అంతమాత్రమే కాదని నా విన్నపం.

భయం కలిగినప్పుడు మెదడులోని హైపోథలామస్ పీయూషగ్రంథిని, అది అధివృక్కగ్రంథిని మేల్కొలుపుతాయి. (వృక్కం మీద కూర్చున్నది గనుక అధివృక్కం. ఇంత చక్కని మాటను వదిలి మన పిల్లలు ‘అడ్రినల్’ అనే వల్లిస్తున్నారు, పోనివ్వండి.) అంతట మనుషులలో కార్టిసాల్, ఎలుకలలో కార్టికోస్టెరాన్ నెత్తురులోకి వస్తాయి. పని తీరాక ఆ హార్మోనే మెదడుకు “ఇక చాలు” అని కబురు పంపుతుంది. ఆ కబురందుకొనే గ్రాహకాలను తయారుచేయించేది జన్యువు. ఒకే గదిలో, ఒకే మేతతో పెంచినా బాల్బ్-సి జాతి చిట్టెలుకలు సి57 నల్ల చిట్టెలుకల కన్న ఎక్కువగా బెదురుతాయి. ఆడ ఎలుకలలో ఈ హార్మోను మగవాటి కన్న ఎక్కువగా పెరుగుతుంది. ఈడేరని ఎలుకలలో అది దిగడానికి ఎక్కువసేపు పడుతుంది. ఇంత భేదం ఉండగా పరిశోధకులు చాలాకాలం మగ జంతువులతోనే పని గడుపుకొన్నారు! ఈ భేదాన్ని లెక్కలోకి తీసుకొనితీరాలని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పట్టుబట్టినది 2016లో.

కథ ఇక్కడ ఆగితే ఆ పెద్దమనుషులదే గెలుపు. కాని 2004లో మాంట్రియల్‌లోని మైకేల్ మీనీ బృందం మరొకటి చూపింది. తల్లి ఎక్కువగా నాకి సాకిన ఎలుకపిల్లలలో ఆ గ్రాహకపు జన్యువు మీది రసాయన గుర్తులు తగ్గాయి; పెద్దయ్యాక అవి తక్కువగా బెదిరాయి. అంతగా సాకని తల్లి కన్న పిల్లలను సాకే తల్లి దగ్గర పెంచినా ఫలితం అదే. అక్షరాలు మారలేదు, చదివే తీరు మారింది. ఎలుకకు నిజమైనదల్లా మనిషికి నిజమని నేననను. ‘పుట్టుకే అంత’ అన్న తీర్పు మాత్రం ఎలుక దగ్గరే నిలవలేదు.

దేవరకొండ వైపు నేను పాఠాలు చెప్పిన రోజులలో, ఒకే మందలింపుకు ఒక పిల్ల నవ్వి ఊరుకొనేది, మరొకతె రెండుపూటలు అన్నం మానేది. పాలమూరు పల్లెలనుంచి తల్లిదండ్రులు వలస పోతే ఆడపిల్లలు కస్తూర్బా విద్యాలయాలలో ఉండిపోతారు. తల్లి చెయ్యి తగలని వయసు కాదది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక మన రాష్ట్రంలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు. వారి జన్యువులను ఎవరు చూశారు?

మార్కులు అందరి ఎదుట చదివే ఆచారం మానాలి. వసతిగృహంలో వార్డెన్ గాక, పిల్లల మాట వినడానికే ఒక మనిషిని నియమించాలి. ఆమె రాత్రిపూట కూడా అక్కడే ఉండాలి.