ల్యాప్‌టాప్ లేదని వెనకాడకండి

మొన్న సాయంత్రం మా వీధి చివరింటి అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని వచ్చింది.

"అక్కయ్యా, మందుల షాపులో బిల్లులు వేసే ఉద్యోగం ఉందిట. పిల్లలు బడికెళ్ళాక వెళ్ళి రావచ్చు. కానీ కంప్యూటరు నేర్చుకోవాలంటే ల్యాప్‌టాప్ కొనాలిగా! అంత డబ్బు ఆయన్ని అడగలేక మానుకుందామనుకుంటున్నా" అంది.

"ముందు ఆ షాపుకెళ్ళి బల్లమీద ఏముందో చూసి రా" అన్నాను. చూసొచ్చింది. అక్కడున్నది డెస్క్‌టాపే!

ఈసారి బయటికెళ్ళినప్పుడు మీరూ గమనించండి. బ్యాంకు కౌంటరు, రైల్వే రిజర్వేషను కౌంటరు, ఆసుపత్రిలో డబ్బు కట్టే చోటు, మీసేవా కేంద్రం, శుభలేఖలు అచ్చువేసే డి.టి.పి. సెంటరు... చాలాచోట్ల ఇప్పటికీ పెద్ద తెర, విడి కీబోర్డు, మౌసు కనిపిస్తాయి. మన రాష్ట్రంలో 1998లో 'కార్డ్' పథకంతో రిజిస్ట్రేషను ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చింది కూడా ఈ రూపంలోనే.

కారణం పాతకాలపు చాదస్తం కాదండీ. అక్కడ మనుషులు మారినా కుర్చీ మారదు. కంప్యూటరును ఇంటికి మోసుకెళ్ళే పనీ లేదు. మౌసు పాడైతే మౌసు ఒక్కటే మార్చుకోవచ్చు, తెర పోతే తెర ఒక్కటే. అన్నిటికన్నా ముఖ్యం, కుడివైపు విడిగా ఉండే అంకెల మీటలు. చిన్న ల్యాప్‌టాపుల్లో అవి ఉండవు. రోజంతా బిల్లులు వేసేవాళ్ళకి అవి లేకపోతే చెయ్యి ఆడదు.

అందుకే లెక్కల పనికి వెళ్ళాలనుకునేవారు ముందు ఆ మీటలు నేర్చుకోండి. 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది. నడిమి వేలు దానిమీద, చూపుడువేలు 4 మీద, ఉంగరపువేలు 6 మీద ఉంచాలి. సున్నాకి బొటనవేలు. చూపు కాగితం మీదే ఉండాలి, మీటల మీద కాదు. మొదట్లో తప్పులు పోతాయి. పోనివ్వండి, వేగం దానంతటదే వస్తుంది.

కూర్చునే తీరు కూడా చూసుకోవాలి. తెర పైఅంచు కంటి ఎత్తుకు రావాలి, చేతి పొడవు దూరంలో ఉండాలి. తెర కిందకుంటే నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి ఎత్తు చేయండి. ఇరవై నిమిషాలకోసారి కాసేపు దూరంగా చూడండి. ఇంట్లో ల్యాప్‌టాపే ఉంటే దాన్నీ ఇలాగే ఎత్తుమీద పెట్టి విడి కీబోర్డు తగిలించుకుంటే మెడనొప్పి తగ్గుతుంది, అంకెల మీటలూ దొరుకుతాయి. దుమ్ము తుడిచేటప్పుడు మాత్రం స్విచ్చి ఆపి పొడిగుడ్డే వాడండి.

మా అబ్బాయి పాత డెస్క్‌టాప్ మా ఇంట్లో ఊరికే పడుంది. రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చోమన్నాను. కిరాణా చీటీలే ఆ అమ్మాయికి పాఠ్యపుస్తకాలు! ఒకటో తారీకున ఉద్యోగంలో చేరుతోంది.

ల్యాప్‌టాప్ సంగతంటారా? అవసరమైతే తన జీతంతో తనే కొనుక్కుంటుంది లెండి.