రంగా గారి కాగితాలు ఢిల్లీలో, రైతులు ఊళ్లో

ఆచార్య ఎన్.జి. రంగా పేరు వినని రైతు గుంటూరు జిల్లాలో ఉండకపోవచ్చు. పొన్నూరు పక్కన నిడుబ్రోలులో 1900 నవంబరు 7న పుట్టి, 1995 జూన్ 9న కన్నుమూసిన ఆయన పేరిట లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. అయితే ఆయన పార్లమెంటులో మన గురించి ఏమి మాట్లాడారు, దేనికి అడ్డు తగిలారు, దేనికి ఒప్పుకున్నారు అని అడిగితే జవాబు చెప్పగలవారు ఎంతమంది? జవాబు చెప్పే కాగితాలు లేక కాదు. ఉన్నాయి. అవి మన ఊళ్లకు చేరలేదు. అసలు చిక్కు అదే.

భూమి ధర, భూసేకరణ, కౌలు రైతు హక్కు అనే మూడు మాటలు ఈనాడు జిల్లాలో ప్రతి రచ్చబండ వద్దా వినిపిస్తున్నాయి. ఈ మూడింటి మీదా దశాబ్దాల క్రితమే చట్టసభల్లో హోరాహోరీ వాదాలు జరిగాయి. ఆ వాదాల్లో రంగాగారు ముందు వరుసలో నిలిచారు. కనుక ఆయన కాగితాల సంగతి కేవలం చరిత్రకారులకు వదిలిపెట్టవలసినది కాదు. రైతులు, కౌలుదార్లు, కూలీలు కూడా పట్టించుకోవలసినదే.

నాలుగు నియోజకవర్గాలు, మూడు జెండాలు

ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి వచ్చిన రంగాగారు మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. 1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించారు. ఒకవైపు సభలో మాట్లాడుతూనే, మరొకవైపు జమీందారీ రైతుల ఆందోళనలు నడిపారు. నిడుబ్రోలులో రైతు కార్యకర్తల కోసం శిక్షణాలయం నెలకొల్పారు. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. అదే ఏడాది డిసెంబరులో ఫైజ్‌పూర్‌లో జరిగిన రెండవ మహాసభకు రంగాగారే అధ్యక్షత వహించారు.

రాజ్యాంగ సభలోనూ ఆయన సభ్యులు. 1946 డిసెంబరులో లక్ష్య తీర్మానంపై మాట్లాడుతూ, అల్పసంఖ్యాకులంటే మతాల లెక్క మాత్రమే కాదనీ, ఈ దేశంలో అసలైన అల్పసంఖ్యాకులు పల్లెల్లో అణగి ఉన్న సామాన్య ప్రజలేననీ ఆయన వాదించారు. కాగితం మీద హక్కులు రాసినంత మాత్రాన చాలదు, వాటిని అనుభవించే శక్తిని కూడా పేదలకు కలిగించాలి అన్నది ఆ ప్రసంగ సారాంశం.

స్వాతంత్ర్యం తరువాత ఆయన కాంగ్రెసు విడిచి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1952లో రాజ్యసభకు వెళ్లారు. మళ్లీ కాంగ్రెసులో చేరి 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు గెలిచారు. 1959లో కాంగ్రెసును వీడి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి, దానికి తొలి అధ్యక్షులయ్యారు. 1962లో తెనాలి ఓటర్లు ఆయనను ఓడించారు. ఆ వెంటనే చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు తిరిగి వచ్చారు. 1967లో శ్రీకాకుళం పంపింది. 1971 లోక్‌సభలో ఆయనకు చోటు దక్కలేదు. తరువాత మళ్లీ కాంగ్రెసు గూటికి చేరారు. 1977లో రాజ్యసభ, ఆ పైన 1980, 1984, 1989 ఎన్నికల్లో వరుసగా గుంటూరు. ఆయన చివరిసారి సభ్యులుగా ఉన్న లోక్‌సభ 1991లో రద్దయింది. నడుమ కొన్ని విరామాలున్నా, మొదటి అడుగుకూ చివరి అడుగుకూ అరవై ఏళ్ల దూరం. యాభై ఏళ్ల పార్లమెంటు సేవకు గాను ఆయన పేరు గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

జెండాలు మార్చారని ఆయనను తప్పు పట్టేవారున్నారు. జెండా మారినా రైతు మాట మారలేదని సమర్థించేవారున్నారు. ఇందులో ఏది నిజమో తేల్చేది అభిమానం కాదు, ద్వేషం కాదు. ఆయన సభలో అన్న మాటలు, రాసిన ఉత్తరాలు, వేసిన ఓట్లు తేల్చాలి.

ఉమ్మడి సేద్యంపై పేచీ

1959 జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెసు మహాసభ సహకార ఉమ్మడి సేద్యం తీర్మానం చేసింది. రైతులు తమ భూములను ఒకచోట కలిపి సేద్యం చేయాలి. భూమిపై హక్కు రైతుకే ఉంటుంది. పంట మీద వచ్చే నికరాదాయంలో భూమిని బట్టి వాటా వస్తుంది. భూమి ఉన్నా లేకున్నా, పనిచేసినవారికి పనిని బట్టి వాటా వస్తుంది. స్థూలంగా ఇదీ ఆ తీర్మానం.

దీనిని రంగాగారు గట్టిగా ఎదిరించారు. పేరుకు హక్కు మిగిలినా పెత్తనం చేజారిన రైతు తన పొలంలో తానే కూలీ అవుతాడన్నది ఆయన భయం. ఆ పేచీయే ఆయనను కాంగ్రెసు నుంచి బయటికి తెచ్చింది. దేశంలో ఉమ్మడి సేద్యం విస్తృతంగా అమలు కాలేదు. తీర్మానం తీర్మానంగానే మిగిలింది.

ఆ ప్రశ్న మాత్రం పోలేదు. 2015లో రాజధాని కోసం తుళ్లూరు, మంగళగిరి ప్రాంతాల్లో భూసమీకరణ జరిగినప్పుడు, భూమి ఇచ్చిన రైతులకు అభివృద్ధి చేసిన స్థలాలు, పదేళ్లపాటు ఏటా కౌలు ఇస్తామన్నారు. నాగపూర్ తీర్మానం సేద్యం కోసం, ఇది నగరం కోసం. రెండూ ఒకటి కావు. కానీ భూమిపై పెత్తనం ఎవరిది, మాట తప్పితే రైతుకు దిక్కెవరు, ఆ భూమిలో పనిచేసి బతికే కూలీ సంగతేమిటి అనే ప్రశ్నలు రెండు చోట్లా ఒకటే. 1959 నాటి వాదప్రతివాదాలు మన చేతిలో ఉండి ఉంటే, 2015 నాటి చర్చ మరింత లోతుగా సాగి ఉండేదని చెప్పక తప్పదు.

1964 సవరణ

రెండవ ఉదాహరణ మరీ ముఖ్యమైనది. 1964లో రాజ్యాంగానికి 17వ సవరణ వచ్చింది. భూసంస్కరణల చట్టాలు కోర్టుల్లో నిలబడాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. అందుకోసం 31-ఎ అధికరణంలో ‘ఎస్టేటు’ అనే మాటకు అర్థాన్ని విస్తరించి, రైత్వారీ భూములను కూడా అందులో చేర్చారు. 44 చట్టాలను తొమ్మిదవ షెడ్యూలులో పెట్టారు. అప్పటిదాకా ఎస్టేటు అంటే జమీందారీ, ఇనాము వంటివని అనుకున్న రైత్వారీ రైతు ఉలిక్కిపడ్డాడు. లోక్‌సభలో స్వతంత్ర పార్టీ పక్షాన రంగాగారు ఈ సవరణను తీవ్రంగా వ్యతిరేకించారు.

అయితే అదే సవరణ రైతుకు ఒక రక్షణ కూడా కల్పించింది. భూపరిమితికి లోబడి, రైతు స్వయంగా సాగు చేసుకుంటున్న భూమిని ప్రభుత్వం తీసుకుంటే, మార్కెట్ ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలని 31-ఎ అధికరణంలో షరతు చేరింది. ఆ షరతు నేటికీ రాజ్యాంగంలో ఉంది. 2014 నుంచి అమలులోకి వచ్చిన భూసేకరణ చట్టం గురించి మనకు కొంత తెలుసు. దానికి యాభై ఏళ్ల ముందే రాజ్యాంగంలో చేరిన ఈ షరతు సంగతి ఎంతమంది రైతులకు తెలుసు? రోడ్డుకో కాలువకో పొలం పోతున్నప్పుడు కార్యాలయం మెట్లెక్కే రైతుకు ఇది పనికివచ్చే విషయం కాదా?

కూలీ మాట, కౌలుదారు మాట

రంగాగారి చిత్తరువుకు రెండో పక్క కూడా చూడాలి. భూమి ఉన్న రైతుకు ఆయన వాదన కొండంత అండ. భూమి లేని కూలీకి అందులో ఏమి దొరికింది అన్న ప్రశ్నను కమ్యూనిస్టులు ఆ రోజుల్లోనే లేవదీశారు. కిసాన్ సభలో మొదలైన ఆ విభేదమే 1940ల ఆరంభంలో ఇరువురినీ విడదీసింది. రైతు-కూలీ రాజ్యం అన్నది రంగాగారి నినాదమే. కానీ ఆయన పోరాటాల్లో రైతుకు దక్కిన చోటు కూలీకి దక్కిందా అన్నది న్యాయంగా తూచి చెప్పవలసిన విషయం.

31-ఎ షరతునే తీసుకోండి. స్వయంగా సాగు చేసుకునే భూమికే ఆ రక్షణ. భూయజమాని పట్నంలో ఉండి, కౌలుదారు దుక్కి దున్నే చోట పరిస్థితి ఏమిటి? డెల్టాలో కౌలు సాగు ఎంత ఉన్నదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 2019లో రాష్ట్రంలో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలుదారుకు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావలసి వచ్చింది. సంతకం దొరకని కౌలుదారు బ్యాంకు అప్పుకూ, పంట నష్టం పరిహారానికీ దూరమయ్యాడు. భూమి కాగితం ఒకరి చేతిలో, నాగలి మరొకరి చేతిలో ఉన్నప్పుడు ‘రైతు’ ఎవరు? రంగాగారి కాలంలోనూ ఇదే ప్రశ్న. ఆనాడు ఎవరు ఏ పక్షం వహించారో తెలుసుకుంటే, ఈనాడు మన ప్రతినిధులను ఏమి అడగాలో తెలుస్తుంది.

కాగితాలు ఎక్కడున్నాయి?

రంగాగారి కాగితాలు ఢిల్లీలో తీన్‌మూర్తి భవనంలోని గ్రంథాలయంలో ఉన్నాయి. నెహ్రూ స్మారక గ్రంథాలయంగా పేరొంది, 2023 నుంచి ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయంగా పిలువబడుతున్న సంస్థ అది. స్వతంత్ర పార్టీ కాగితాలూ అక్కడే ఉన్నాయి. ఆయన సభలో మాట్లాడిన మాటలు పార్లమెంటు చర్చల సంపుటాల్లో అచ్చయ్యాయి. ఇప్పుడు పార్లమెంటు వారు పాత చర్చలను కంప్యూటరుకెక్కించి, ఎవరైనా ఉచితంగా చూసుకునే ఏర్పాటు చేశారు. చేతిలో ఫోను ఉంటే తెరవవచ్చు.

కానీ ఆ చర్చలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి. నిడుబ్రోలు రైతు కోసం అన్న మాట నిడుబ్రోలు రైతుకే అర్థం కాని స్థితి. ఢిల్లీ వెళ్లి పాత ఉత్తరాలు తిరగేసేంత తీరిక, స్తోమత పరిశోధక విద్యార్థులకుంటే ఉండవచ్చు గానీ, సాగు పనులున్నవారికి ఎక్కడిది?

రంగాగారి విషయంలో అదృష్టమేమంటే కాగితాలు దక్కాయి. మన జిల్లాలో ఎందరో శాసనసభ్యులు, సమితి అధ్యక్షులు, పాతకాలపు సర్పంచులు ఇరవై ముప్ఫై ఏళ్లు పదవుల్లో ఉండి వెళ్లిపోయారు. వారికి జనం ఇచ్చిన అర్జీలు, మంత్రులు రాసిన జవాబులు ఏమయ్యాయి? కాలువ తూము కోసం, ఇళ్ల స్థలాల కోసం, చెరువు మరమ్మతు కోసం ఎవరెవరు తిరిగారో చెప్పే సాక్ష్యాలు అవి. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల రికార్డులకు వర్తిస్తుంది తప్ప, నాయకుల ఇళ్లలోని సొంత కాగితాలకు వర్తించదు. వాటి గతి వారసుల దయ మీద ఆధారపడి ఉంది. ఇల్లు కూల్చి కొత్తది కట్టేటప్పుడు పాత కాగితాల మూటలు తూకానికి పోతే అడిగేవారు లేరు.

చేయవలసినది

దీనికి కోట్ల రూపాయలు అక్కరలేదు. మొదటగా, రంగాగారి పార్లమెంటు ప్రసంగాల్లో జమీందారీ, ఉమ్మడి సేద్యం, 17వ సవరణ, పంటల ధరలకు సంబంధించిన వాటిని ఎంచి, ఆయనను ఖండించినవారి జవాబులతో సహా సులువైన తెలుగులో అచ్చు వేయించాలి. ఒక పక్షం మాటే వేస్తే అది భజన అవుతుంది. ఆయన పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఈ పనికి పూనుకుంటే బాగుంటుంది.

రెండవది, ఢిల్లీలోని కాగితాల నకళ్లు గుంటూరు జిల్లా కేంద్ర గ్రంథాలయానికి తెప్పించాలి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నవారే పల్లె ప్రజలు. తమ సొమ్ముతో నడిచే గ్రంథాలయంలో తమ చరిత్ర ఉండాలని అడిగే హక్కు వారికి ఉంది. గ్రామసభల్లో తీర్మానం చేసి గ్రంథాలయ సంస్థకు పంపవచ్చు.

మూడవది, పాత ప్రజాప్రతినిధుల కుటుంబాలవారు ఇంట్లో ఉన్న కాగితాలను తూకానికి వేయకముందు ఒక్కసారి ఆలోచించాలి. చెమ్మ తగలని చోట, నేలకు ఎత్తుగా పెట్టి, ఏ మూటలో ఏమున్నదో ఒక జాబితా రాసి ఉంచితే అదే సగం రక్షణ. జిగురు టేపులు అంటించడం, ప్లాస్టిక్ పొరల్లో అతికించడం వల్ల పాత కాగితం పాడవుతుంది. సొంత వ్యవహారాల ఉత్తరాలు వేరు చేసి, తక్కినవి రాష్ట్ర పురాభిలేఖ సంస్థకో, గ్రంథాలయానికో రసీదు పుచ్చుకుని అప్పగించవచ్చు. ఇచ్చినవారికి నష్టం లేదు, ఊరికి లాభం ఉంది.

ఇప్పుడు పదవుల్లో ఉన్నవారికీ ఇందులో పాఠం ఉంది. తాము అందుకున్న అర్జీలకు లెక్క ఉంచడం, ఇచ్చిన జవాబు దాచడం వారి బాధ్యత. ఏటేటా పుట్టినరోజున విగ్రహానికి దండ వేసే నాయకులు, ఈసారి ఆయన ప్రసంగాల పుస్తకం ఒకటి ఊరి గ్రంథాలయంలో పెట్టించగలిగితే రైతు సంతోషిస్తాడు. అందులో తనకు అనుకూలమైన మాటలుంటాయి, ప్రతికూలమైనవీ ఉంటాయి. ఏది ఏదో చదివి తేల్చుకునే తెలివి మన రైతుకూ, కౌలుదారుకూ, కూలీకీ ఉంది. కావలసింది ఆ కాగితాలు వారి చేతికి అందడమే.